ఫ్రేము కట్టించిన ప్రకృతి చిత్రం కొన్నేళ్లకి నీలంగా ఎందుకు మారుతుంది?

వెలుతురికి ప్రింటులోని పసుపు, గులాబీ ఇంకులు ముందు వెలిసిపోయి నీలం మొండిగా మిగిలిపోతుంది, అందుకే. మామూలు ప్రింటింగులో ఆకుపచ్చ ఇంకు విడిగా ఉండదు, నీలం మీద పసుపు పడితేనే పచ్చ, కాబట్టి పసుపు పోగానే చెట్లు నీలం తిరుగుతాయి.

ఉదాహరణకి జాన్ కానిస్టేబుల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1821లో వేసిన ‘ది హే వెయిన్’, అంటే నదిలోకి దిగిన గుర్రబ్బండి బొమ్మ. దాని చవక ప్రింటుని ఏ బరంపురంలోనో పర్లాకిమిడిలోనో పడమటి ఎండ నేరుగా పడే గోడకి తగిలిస్తే, చెట్లు నీలమై, గుర్రాల మీది ఎర్ర జీను పాలిపోతుంది. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న అసలుది ఆయిల్ పెయింటింగ్, దాని సంగతి వేరు.

అద్దం ఉందిగా, ఏం కాదులే అనుకుంటారు చాలామంది. మామూలు అద్దం దుమ్మునైతే ఆపుతుంది గానీ అతినీలలోహిత కిరణాల్లో కొంత భాగాన్నే ఆపగలదు, పైగా కంటికి కనిపించే వెలుతురు కూడా రంగుని తినేస్తుంది. ఆ కిరణాల్ని అడ్డుకునే యూవీ అద్దం వేయించినా వెలవడం నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. ఫ్రేముకి వేలు పోసే ముందు అది త్వరగా వెలవని పిగ్మెంట్ ఇంకు ప్రింటా కాదా అని షాపులో అడగండి, ఎండ పడని గోడ చూసుకోండి.