గుర్రప్పందేల్లో జాకీ (గుర్రాన్ని స్వారీ చేసే రౌతు) గెలుపు శాతం చూసి గుర్రాన్ని ఎంచుకోవచ్చా?

ఆ శాతం ఒక్కదాన్నే నమ్ముకుంటే కుదరదు. ఆడ్స్‌తో (గెలిస్తే పెట్టినదానికి ఎన్ని రెట్లు లాభం ఇస్తారో చెప్పే అంకె) కలిపి చూస్తేనే పనికొస్తుంది. పేరున్న జాకీకి ట్రైనర్లు మంచి గుర్రాలే ఇస్తారు, కాబట్టి ఆ గెలుపుల్లో గుర్రం వాటా ఎంతో అంకె చెప్పదు. పైగా జనమంతా అతని మీదే కాస్తారు, ఆడ్స్ పడిపోతాయి.

ఒక జాకీ 100 రైడ్లలో 20 గెలిచాడనుకోండి, అన్నీ 3/1 గుర్రాలే (అంటే గెలిస్తే రూ.100కి రూ.300 లాభం, పెట్టిన రూ.100 కూడా వెనక్కి). ఒక్కోదానిపై రూ.100 పెడితే ఖర్చు రూ.10,000, తిరిగొచ్చేది రూ.8,000. అదే 12/1 గుర్రాలపై 100కి 10 మాత్రమే గెలిచిన కుర్ర జాకీ రూ.13,000 తెచ్చిపెడతాడు!

ఎక్కువమంది పొరబడేది 'ఫామ్‌లో ఉన్నాడు' అన్న మాట దగ్గర. 10 రైడ్లలో 3 గెలుపులు వట్టి అదృష్టమే కావచ్చు. మలక్‌పేటలో ఒక్క రోజు రేసులు చూసి తేల్చేయకుండా సీజన్ మొత్తం లెక్క రాసుకోవాలి. ఆ లెక్కను రేసు దూరాలవారీగా విడదీస్తే మంచిదే గానీ, విడదీసేకొద్దీ రైడ్లు తగ్గి లెక్క మళ్లీ పలచబడుతుంది.