బ్రోచర్ మాటలు వేరు, దస్తావేజు మాటలు వేరు

ప్రశ్న: మా అబ్బాయి బీకాం చివరి సంవత్సరం. హైదరాబాద్‌లో ఒక రియల్ ఎస్టేట్ సంస్థలో మార్కెటింగ్ ఉద్యోగంలో చేరతానంటున్నాడు. ఆ రంగంలో వాడే మాటలు నాకే సగం అర్థం కావు. వాడు నెగ్గుకురాగలడా? ముందు ఏం నేర్చుకోవాలి? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: నెగ్గుకురాగలడు, దస్తావేజు చదవడం నేర్చుకుంటే. ‘లగ్జరీ’, ‘ఎయిర్‌పోర్టుకు అరగంట’ లాంటి బ్రోచర్ మాటలు వారంలో ఒంటబడతాయి. వాటికోసం ఎవరి సలహా అక్కర్లేదు.

మొదట కొలతలు నోటికి రావాలి. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఆంధ్ర నుంచి వచ్చిన కొనుగోలుదారు సెంట్లలో అడుగుతారు, సెంటంటే 48.4 గజాలు. నెల్లూరు వారైతే అంకణాల్లో మాట్లాడతారు.

ఫ్లాట్ల దగ్గర అసలు చిక్కు మొదలవుతుంది. ధర చెప్పేది ఎక్కువగా సూపర్ బిల్టప్ మీద. అందులో మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా కూడా కలుస్తుంది. కార్పెట్ ఏరియా అంటే ఇంట్లో నిజంగా వాడుకునే చోటు. 2016 నాటి రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం దీన్ని నిర్వచించింది: లోపలి అడ్డుగోడలు లెక్కలోకి వస్తాయి, బయటి గోడలు, బాల్కనీ రావు. యూడీఎస్ అంటే ఆ ఫ్లాటుకు దక్కే అవిభాజ్య స్థలం వాటా. భవనం పాతబడి మళ్లీ కట్టాల్సి వస్తే బేరమంతా దాని మీదే నడుస్తుంది. అయినా దాని గురించి అడిగే కొనుగోలుదారులు తక్కువ. అడగకముందే చెప్పే ఉద్యోగిని జనం గుర్తుపెట్టుకుంటారు.

‘ప్రీలాంచ్’, అంటే ప్రాజెక్టు అధికారికంగా మొదలుకాకముందే అమ్మడం, ఆ మాట వినగానే మాత్రం మీ అబ్బాయి ఆగాలి. చిన్నపాటి నిర్మాణాలను మినహాయిస్తే, రెరా నమోదు లేకుండా ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం చట్టవిరుద్ధం. రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు పుచ్చుకోకూడదు. ఏజెంటుగా పనిచేయాలన్నా రెరా నమోదు ఉండాలి. చేరబోయే సంస్థ ఆ నంబర్లు చూపించడానికి నసిగితే అక్కడే తెలిసిపోతుంది.

ఈసీని, అంటే ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌ను, చాలామంది సర్వరోగ నివారిణిలా చూపిస్తారు. అందులో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. నోటి ఒప్పందాలు, వారసుల తగాదాలు కనిపించవు. అందుకే లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు), 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల పట్టిక) కూడా చూడాలి. జీపీఏతో, అంటే యజమాని తరఫున వ్యవహరించే అధికార పత్రంతో చేసే అమ్మకం యాజమాన్యాన్ని బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. ఆ కాగితం చూపి ‘అన్నీ క్లియర్’ అనేవారు ఇంకా ఉన్నారు.

పెట్టుబడి కోసం వచ్చేవారు అద్దె రాబడి ఎంతని అడుగుతారు. 60 లక్షల ఫ్లాటుకు నెలకు 15 వేల అద్దె వస్తే ఏడాదికి లక్షా 80 వేలు, అంటే 3 శాతం. నిర్వహణ ఖర్చు, పన్ను పోతే ఇంకా తక్కువ. బీకాం చదివినవాడికి ఇది కష్టమైన లెక్క కాదు.

ఈ సెలవుల్లో మీ ఇంటి దస్తావేజు తీసి అతని చేతికివ్వండి. షెడ్యూలులో సర్వే నంబరు, నాలుగు హద్దులు వెతికి పట్టుకోమనండి, ఈసీ అతన్నే తీయమనండి. చేరే ముందు జీతంలో స్థిరమైనదెంత, కమిషనెంత అన్నది రాతపూర్వకంగా అడగాలి. ‘ముందు మీ బంధువుల్లో నలుగురితో ప్లాట్లు కొనిపించు’ అన్నదే షరతైతే మరో సంస్థ చూసుకోమనండి.