కోన్ ఫిల్టర్ వేస్తే పికప్ పెరుగుతుందా? వేయించి, మూడు నెలల్లో తీయించేసినవాడి జవాబు

మీరు అడిగింది ఇదీ: 1.2 లీటర్ల పెట్రోల్ కారు, టర్బో (గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే పరికరం) లేదు. ఎండాకాలం ఏసీ వేస్తే బండి లాగడం లేదు. కంపెనీ ఎయిర్ బాక్సు (గాలి ఫిల్టర్ ఉండే మూసిన డబ్బా) తీసేసి, డబ్బా లేని ఓపెన్ కోన్ ఫిల్టర్ వేయిస్తే పికప్ వస్తుందని ఫ్రెండ్స్ అంటున్నారు, వేయించమంటారా?

వద్దండి. నేను వేయించాను. ఇప్పుడది మా ఇంట్లో అటక మీద ఉంది.

నాదీ మీలాంటి బండే. ఒక మార్చి నెలలో మా విశాఖలోని గాజువాక ఆటోనగర్‌లో ఒక షాపుకి వెళ్లి 6,500 రూపాయలు పెట్టి ఎర్ర కోన్ ఫిల్టరు, మెరిసే స్టీలు పైపు వేయించాను. మెకానిక్ అసలు బాక్సు విప్పి గోడ వారన పెట్టాడు. కొత్తది బిగించి, బానెట్ ఎత్తే ఉంచి ఒక్కసారి రేజ్ చేశాడు. "సూశారా బాబూ, సౌండే మారిపోనాది!" అన్నాడు. నిజమే, మారింది. ఆ సాయంత్రం హైవే ఎక్కితే ఇంకో పది గుర్రాలు కట్టినట్టే అనిపించింది.

మేలో అసలు సంగతి బయటపడింది. మధ్యాహ్నం రెండింటికి ఏసీ వేసుకుని మర్రిపాలెం నుంచి ఎన్ఏడీ జంక్షన్ దాకా పాక్కుంటూ వచ్చాం. ట్రాఫిక్ కదిలింది, సెకండ్ గేరులో తొక్కాను. బండి బరువుగా, ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు కదిలింది. మా ఆవిడ అడిగింది, "ఏమండీ, హ్యాండ్ బ్రేక్ తీశారా?" అని. తీశాను. ఇంటికొచ్చాక బానెట్ ఎత్తి ఆ స్టీలు పైపు మీద చెయ్యి వేసి, వెంటనే వెనక్కి లాక్కున్నాను. దోసె పెనంలా ఉంది.

అప్పుడు ఒక బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ కొన్నాను. స్టీరింగ్ కింద ఉండే సాకెట్టులో గుచ్చి, ఫోన్‌లో టార్క్ లాంటి యాప్ పెట్టుకుంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఎంత వేడిగా ఉందో కనిపిస్తుంది. బయట 34 డిగ్రీలు ఉన్న రోజుల్నే లెక్కలోకి తీసుకున్నాను. కోన్ ఫిల్టర్‌తో హైవే మీద 80లో వెళ్తుంటే 48 నుంచి 50. ట్రాఫిక్‌లో పావుగంట ఇరుక్కుంటే 71. అక్కణ్నుంచి రోడ్డు ఖాళీ అయినా మళ్లీ 50కి దిగడానికి మూడు నాలుగు నిమిషాలు. జూన్‌లో పాత బాక్సు సరిగ్గా బిగించాక (ఆ "సరిగ్గా" సంగతి తర్వాత చెప్తాను) హైవే మీద 39, ట్రాఫిక్‌లో 52.

ఇంత తేడా ఎందుకంటే, కోన్ ఫిల్టర్ కూర్చునేది రేడియేటర్ వెనకాల. ముందు నుంచి వచ్చే గాలి మొదట ఏసీ కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) వేడిని, తర్వాత 90 డిగ్రీల నీళ్లు తిరిగే రేడియేటర్ వేడిని మోసుకుని లోపలికొస్తుంది. ఫ్యాన్ తిరిగిన కొద్దీ ఆ వేడి గాలినే ఫిల్టర్ మొహాన కొడుతుంది. కంపెనీ బాక్సుకి మాత్రం ఒక ప్లాస్టిక్ మూతి ఉంటుంది. అది గ్రిల్ దగ్గరో హెడ్‌లైట్ వెనకో తెరుచుకుని, రేడియేటర్‌కి ముందున్న గాలిని పీలుస్తుంది. అంటే మనం డబ్బులు పెట్టి కొందామనుకునే "కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్" బండితోపాటే వస్తోంది. నేను 6,500 ఇచ్చి మరీ దాన్ని పీకించుకున్నాను.

వేడి గాలి అయితే నష్టమేంటి? గాలి వేడెక్కితే పలచబడుతుంది. మామూలు వాతావరణంలో ప్రతి పది డిగ్రీలకీ దాదాపు మూడు శాతం పలచబడుతుంది. 40 డిగ్రీల గాలితో పోలిస్తే 71 డిగ్రీల గాలి అదే సిలిండర్‌లో 9 శాతం తక్కువ బరువు తూగుతుంది. పెట్రోల్ కిలో మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి తగ్గితే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) పెట్రోల్‌నీ తగ్గిస్తుంది, పవరూ తగ్గుతుంది. పైగా వేడి గాలితో ఇంజిన్ నాకింగ్‌కి (పెట్రోల్ అదుపు తప్పి తనంతట తానే అంటుకోవడానికి) దగ్గరవుతుంది కాబట్టి ఈసీయూ స్పార్క్ టైమింగ్‌ని, అంటే ప్లగ్ నిప్పురవ్వ వేసే క్షణాన్ని, వెనక్కి లాగుతుంది. సింహాచలం ఘాట్ ఎక్కుతూ పక్క సీట్లో మా తమ్ముడికి ఫోన్ ఇచ్చి చూడమంటే, అదే మలుపు, అదే గేరు, కోన్‌తో టైమింగ్ మూడు నాలుగు డిగ్రీలు (ఇవి వేడి డిగ్రీలు కావు, ఇంజిన్ తిరిగే కోణం) తక్కువ చూపించింది.

ఒక పొద్దున్నే ఆనందపురం దాటాక థర్డ్ గేరులో 40 నుంచి 80కి ఎంత టైం పడుతుందో చూశాం. కోన్‌తో, ఇంజిన్ గది చల్లగా ఉన్నప్పుడు 8.8 సెకన్లు. ఇరవై నిమిషాలు ఏసీ వేసి నిలబెట్టి, వెంటనే చూస్తే 9.6. పాత బాక్సుతో పొద్దున్న 8.9, నిలబెట్టాక 9.2. ఫోన్ స్టాప్‌వాచ్ కదా, రెండు మూడు పాయింట్లు అటూ ఇటూ వేసుకోండి. వేసుకున్నా, చల్లగా ఉన్నప్పుడు కోన్ వల్ల ఒరిగింది ఏమీ లేదు.

మరి మొదటి రోజు అనిపించిన ఆ పది గుర్రాలు? సౌండే. కంపెనీ బాక్సు సగం పని ఇంజిన్ గాలి పీల్చే చప్పుడు బయటికి రాకుండా మింగడం. అది తీసేస్తే తొక్కగానే గుర్రుమంటుంది, చెవి దాన్నే పికప్ అనుకుంటుంది. ఆ సౌండ్ నాకు నచ్చింది, అబద్ధం ఎందుకు. సౌండ్ కోసమే వేయించుకుంటాను అంటే అది వేరే లెక్క, నేను కాదనను. మైలేజీలో మాత్రం రెండింటికీ తేడా కనిపించలేదు. మామూలుగా నడిపేటప్పుడు గాలి పలచగా ఉంటే త్రాటిల్ (గాలిని లోపలికి వదిలే తలుపు) కాస్త ఎక్కువ తెరుస్తాం, అంతే. లోటు తెలిసేది కాలు పూర్తిగా నొక్కినప్పుడే.

ఇప్పుడు ఆ "సరిగ్గా" సంగతి. జూన్‌లో మా ఇంటి దగ్గరి మెకానిక్‌తో పాత బాక్సు పెట్టించాను. హైవే మీద చూస్తే మళ్లీ 48! తల తిరిగింది. ఇంత కథా నేనే ఊహించుకున్నానా అనిపించింది. రెండు రోజులు టెన్షన్ పడ్డాక డిక్కీలో స్టెపినీ పక్కన ఉన్న సంచీ తెరిస్తే, గుప్పెడంత పొడవున్న ప్లాస్టిక్ మూతి, దాని రబ్బరు రింగు అందులోనే ఉన్నాయి. మార్చిలో విప్పిన ముక్కలు ఆటోనగర్ మెకానిక్ సంచీలో వేసి ఇచ్చాడు, నేను మర్చిపోయాను, ఈయనకి చెప్పనేలేదు. మూతి లేని బాక్సు బానెట్ కింది వేడి గాలినే పీలుస్తుంది, అంటే అందంగా లేని కోన్ ఫిల్టర్ అన్నమాట. ఆ ముక్క నొక్కి పెట్టాను, టక్కుమని కూర్చుంది. మర్నాడు 39.

అందుకే ముందు మీ బానెట్ ఎత్తి ఆ మూతి ఉందో లేదో చూడండి. సర్వీసులో విప్పినప్పుడు క్లిప్పు విరిగి, సగం ఊడి వేలాడుతున్నవి చాలా చూశాను. మా బావ బండిది రెండేళ్లుగా అలాగే ఉందట. తర్వాత పేపర్ ఫిల్టర్ తీసి ఎండకి ఎత్తి చూడండి. మీరు పోర్టు వైపో గాజువాక వైపో రోజూ తిరిగేవారైతే అది మాన్యువల్‌లో రాసినంత కాలం ఆగదు. నాది 5,000 కిలోమీటర్లకే నల్లగా అవుతుంది. నూనె రాసే కాటన్ ఫిల్టర్లు మన దుమ్ముకి నాకు నచ్చవు. నూనె ఎక్కువైతే కొన్ని బళ్లలో గాలి కొలిచే సెన్సర్‌కి అంటుకుని అది తప్పు రీడింగ్ ఇస్తుంది.

రీడింగ్ చూసేటప్పుడు ఒక జాగ్రత్త. టీ తాగడానికి పది నిమిషాలు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏ బండైనా బాగా ఎక్కువే చూపిస్తుంది. అది సెన్సర్ తానే వేడెక్కి చెప్పే మాట. రెండు మూడు కిలోమీటర్లు నడిచాకే నమ్మండి.

"అరకులో చల్లగా ఉంటుంది కదా, అక్కడ బండి బాగా లాగుతుంది" అని ఎవరో కామెంట్ పెట్టారు. టర్బో లేని బండికి అది సగం నిజం. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తు. గాలి ఒత్తిడి అక్కడ పది శాతం దాకా తక్కువ. చలి వల్ల మూడు నాలుగు శాతం తిరిగొచ్చినా మొత్తం మీద నష్టమే. మన ఊళ్లో ఉక్కపోత కూడా తన వాటా తీసుకుంటుంది. 30 డిగ్రీల్లో 80 శాతం తేమ ఉంటే గాలిలో మూడు శాతానికి పైగా నీటి ఆవిరే, అంత మేరకి ఆక్సిజన్ ఉండదు. దీనికి మందు లేదు.

"అయితే ఫిల్టర్‌ని పైపుతో కిందికి దించి బంపర్ లోపల పెడితే చల్లటి గాలి వస్తుంది కదా" అంటారు. వస్తుంది. నా ఫ్రెండ్ ఒకడు అదే చేశాడు. వాన రోజు జ్ఞానాపురం దగ్గర నిలిచిన నీళ్లలోకి దింపాడు, ఫిల్టర్ నీళ్లు తాగింది. నీళ్లు గాలిలా నలగవు, పిస్టన్ పైకొచ్చి గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్ (పిస్టన్ కింద ఉండే కడ్డీ) వంగిపోతుంది. వాడి బండికి రెండు వంగాయి. బిల్లు ఎంతయిందో వాడు ఇప్పటికీ ఇంట్లో చెప్పలేదు.

టర్బో బండైతే లెక్క వేరు. టర్బో గాలిని నొక్కి తానే వేడెక్కిస్తుంది, ఇంటర్‌కూలర్ దాన్ని చల్లారుస్తుంది. అక్కడ ముందు చూడాల్సింది ఇంటర్‌కూలర్ రెక్కల్లో పేరుకున్న మట్టి.

మీ అసలు బాధ ఏసీ వేస్తే లాగకపోవడం కాబట్టి ఒక మాట. అందులో కొంత భాగం ఇంజిన్ తిప్పే ఏసీ కంప్రెసర్ తినే పవర్, చిన్న ఇంజిన్‌కి అది తెలుస్తుంది. చాలా బళ్లలో కాలు పూర్తిగా నొక్కితే ఈసీయూనే కంప్రెసర్‌ని కాసేపు ఆపుతుంది. నేనైతే ఘాట్ మలుపుల్లో ఏసీ బటన్ నొక్కేసి, పైకొచ్చాక మళ్లీ వేస్తాను. మా ఆవిడ ఇంకా కనిపెట్టలేదు.