అత్తింటి ప్రార్థనలో నా నోరు పెగలడం లేదు

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది జమ్మలమడుగు. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) గుడిలో పెరిగాను. ఏడు నెలల క్రితం పెళ్ళై అనంతపురం వచ్చాను. అత్తగారింట్లో రోజూ రాత్రి తొమ్మిదికి కుటుంబ ప్రార్థన. ఒక్కొక్కరు వరుసగా పైకి ప్రార్థన చేయాలి. నా వంతు రాగానే గొంతు ఎండిపోతుంది. మనసులో చేసుకుంటున్నానని చెబితే, “పైకి రానిది ప్రార్థనే కాదు, నీలో ఆత్మ లేదు” అంటారు అత్తగారు. ఆమె మోకాళ్ళ నొప్పులతో పీట మీద కూర్చుని కూడా అరగంట ప్రార్థిస్తారు. నాది నిజంగా ప్రార్థన కాదా?
— ఒక సోదరి, అనంతపురం

జవాబు: అమ్మా, మీది ప్రార్థనే. అందులో సందేహం పెట్టుకోవద్దు.

సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయం తీయండి. షిలోహు మందిరంలో బిడ్డ కోసం ప్రార్థిస్తున్న హన్నా పెదవులు కదిలాయి గాని స్వరం వినబడలేదు. యాజకుడైన ఏలీ ఆమె నోటినే చూస్తూ కూర్చుని, తాగి వచ్చిందనుకున్నాడు. మందిరంలో తలపండిన యాజకుడే అంత పొరబడితే, మీ అత్తగారు పొరబడడం వింత కాదు. ఆ వినబడని ప్రార్థనకు జవాబే సమూయేలు. రాజుకు పానపాత్ర అందించే నెహెమ్యానూ చూడండి. “నీ మనవి ఏమిటి?” అని రాజు అడిగాడు, పక్కన రాణి కూర్చుని ఉంది. జవాబు చెప్పేలోపు నెహెమ్యా దేవునికి ప్రార్థన చేశాడు. ఆ కాస్త వ్యవధిలో మోకరించి గొంతెత్తడానికి వీలెక్కడిది? ఇక ఎర్ర సముద్రం ముందు దేవుడు మోషేను “నాకెందుకు మొరపెడుతున్నావు?” అని అడిగాడు. మోషే నోరు తెరిచి ప్రార్థించినట్టు ఆ సందర్భంలో ఒక్క మాటైనా రాసి లేదు.

మాది గుత్తి దగ్గర పల్లె. మా అమ్మకు చదువు రాదు, కూటంలో ఏనాడూ లేచి ప్రార్థన చేయలేదు. తొలకరికి ముందు రైతుల ఇళ్ళ విత్తనపు చెనిక్కాయలు వలిచేది. కాయల మీద నీళ్ళు చిలకరించి, ఒక్కో కాయ మూతిని బొటనవేలితో నొక్కితే టప్పున చిట్లేది. గింజ మీది ఎర్రటి పొర చెదిరితే మొలక సరిగా రాదు కాబట్టి ఆ పని నిదానంగా చేయాలి. సాయంత్రానికి గోరు కింద పుండు పడేది. చిట్లిన ప్రతి కాయకూ ఆమె పెదవులు కదిలేవి. “ఏం లెక్కపెడుతున్నావమ్మా?” అని ఒకరోజు అడిగాను. “లెక్క కాదే, పేర్లు” అంది. బళ్ళారికి కూలికి వెళ్ళిన మా మామ పేరు, పక్కింటి జ్వరం బిడ్డ పేరు, ఆ గింజలు ఎవరి చేనులో పడతాయో ఆ రైతు ఇంట్లో అందరి పేర్లూ. మూడు చేటల కాయలంటే ఎన్ని పేర్లో ఆలోచించండి.

“నీలో ఆత్మ లేదు” అన్న మాట మాత్రం తప్పు, పెద్దవాళ్ళు అన్నా తప్పే. ఉచ్చరించలేని మూలుగులతో దేవుని ఆత్మే మన కోసం విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో పౌలు రాశాడు. మాట అందని చోట ఆత్మ ఉంటాడని వాక్యం చెబుతుంటే, లేడని మనం ఎలా తీర్పు చెబుతాం?

అలాగని ఎప్పటికీ పెదవి విప్పవద్దని నేను చెప్పను. యెరికో దారిలో బర్తిమయి అనే గుడ్డివాణ్ణి ఊరుకోమంటే మరింత గట్టిగా కేకలు వేశాడు, ఆ కేకకే యేసు ఆగాడు. గెత్సేమనే తోటలో ప్రభువు శిష్యులకు కొంత దూరం వెళ్ళి ప్రార్థించినా ఆ మాటలు మనదాకా వచ్చాయి. నాకూ తెల్లవారుజామున మనసులోనే ప్రార్థిస్తుంటే ధ్యాస పాలవాడి మీదికి, గ్యాసు మీదికి పోతుంది. అప్పుడు గొంతు కలిపి గుసగుసగా పలుకుతాను, మనసు దారికి వస్తుంది. నలుగురిలో చేసే ప్రార్థనకు ఇంకో కారణం ఉంది. నీ మాట అర్థం కాకపోతే పక్కవాడు ఆమేన్ ఎలా అంటాడని పౌలు కొరింథు సంఘాన్ని అడిగాడు. ఆ గొంతు దేవుని చెవి కోసం కాదమ్మా, పక్కన కూర్చున్నవాళ్ళ కోసం.

మీరు పెరిగిన గుడిలో ఇది మీకు తెలిసినదే. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన తరువాత కూర్చిన ప్రభు భోజన ఆరాధన క్రమంలో, పాపపు ఒప్పుకోలుకు ముందు కాసేపు మౌనం ఉంటుంది. ఆ వెంటనే సంఘమంతా ఒకే గొంతుతో ఒప్పుకుంటుంది. మౌనం నుంచి మాటలోకి వెళ్ళడం మీకు చిన్నప్పటి నుంచీ అలవాటే. అక్కడ మాటలు పుస్తకంలో ఉండేవి, ఇక్కడ లేవు. అంతే తేడా.

భయపెట్టి మాట్లాడించకూడదని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. హాస్టల్లో టీచరుగా ఉన్నప్పుడు కొత్తగా వచ్చిన ఆరో తరగతి పిల్లను నిలబెట్టి “ప్రార్థన చెయ్యి” అన్నాను. పావడా అంచు నలుపుతూ నిలబడి ఏడ్చింది. ఆ సంవత్సరమంతా ప్రార్థన వేళకు ఆ పిల్లకు కడుపునొప్పి వచ్చేది. ఆ తప్పు నాది, ఇప్పటికీ బాధపడతాను.

అందుకే మిమ్మల్ని అరగంట చేయమనను. రేపు మీ వంతు రాగానే 117వ కీర్తన చదవండి. బైబిల్లో అన్నిటికన్నా చిన్న అధ్యాయం, రెండే వచనాలు. వారం రోజులు అదే చదవండి, ఎవరూ కాదనలేరు. ఎనిమిదో రోజు దాని చివర మీ సొంత మాట ఒక్కటి చేర్చండి: “ప్రభువా, మా అత్తమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గించు.” ఆమె ఆ పీట మీది నుంచే ఆమేన్ అంటారు. తరువాత ఏమైందో నాకు రాయండి.