తొమ్మిది మందీ కథకులే, వంత ఎవరు?

ప్రశ్న: మాస్టారూ, మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. మగవాళ్లు వేటకని గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి నెలల తరబడి రారు. డిగ్రీ చదువుతున్న తొమ్మిది మందిమి దీని మీద నాటకం చేద్దామనుకున్నాం. మాలో రాసేవాళ్లు లేరు. అందుకని రిహార్సల్లోనే అల్లుకుందామని రెండు నెలలుగా రోజూ కూర్చుంటున్నాం. వాదనలే తప్ప ఒక్క సీనూ రాలేదు. హీరో ఎవరన్న దగ్గరే గొడవ. స్క్రిప్టు లేకపోతే మానేస్తామని ఇద్దరంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: రోజూ కూర్చుంటున్నాం అన్నావు చూడమ్మా, చిక్కంతా అక్కడే ఉంది. లేచి నిలబడండి. పది నిమిషాలకి మించి చర్చ జరిగిందంటే ఆ రోజు రిహార్సల్ పోయినట్టే. నాకూ ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది.

మా ఊళ్లో మిల్లు మూతబడ్డప్పుడు ఎనిమిది మందిమి బడి వరండాలో నాటకం మొదలెట్టాం. మూడు వారాలు ఉపన్యాసాలే. యజమాని ఎంత దుర్మార్గుడో అందరికీ తెలుసు, సీను మాత్రం లేదు. విసుగొచ్చి, రేపు ఇంటి నుంచి తలా ఒక వస్తువు పట్టుకురండి, దాని గురించి మాట్లాడకుండా దాంతో ఏదైనా చేసి చూపించండి అన్నాను. మిల్లు కార్మికుడి కొడుకు ఒకడు మూడు గిన్నెల క్యారేజీ తెచ్చాడు. పొద్దున్నే దాన్ని తీసుకుని బయల్దేరాడు, వరండా చివర కూచున్నాడు, అటూ ఇటూ చూశాడు, మూత తీసి తిన్నాడు, గిన్నెలు కడిగాడు, ఇంటికొచ్చాడు. అంతే. మిల్లు మూసినా వాళ్ల నాన్న నెల రోజులు అలాగే క్యారేజీతో బయల్దేరి, చెరువుగట్టు మీద తిని వచ్చేవాడట. అంతవరకూ వాడు ఎవరితోనూ అనలేదు.

మర్నాడు మళ్లీ చెయ్యమంటే ఎంతకీ రాలేదు. ఎటు చూశాడో, మూత ముందు తీశాడో గిన్నెలు ముందు విప్పాడో వాడికీ గుర్తులేదు, మాకూ లేదు. నాలుగు రోజులు కుస్తీ పడితే సగం దొరికింది. అప్పట్నుంచి నోటుబుక్కు లేనిదే నేను రిహార్సల్ మొదలెట్టను. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏం పట్టుకున్నారు, ఏ మాట వచ్చింది, అప్పటికప్పుడు ఒకరు రాయాలి. ఫోన్లో వీడియో తీస్తారా, తీయండి. దాన్ని మళ్లీ మళ్లీ చూసి తమని తామే అనుకరిస్తే మాత్రం సీను కట్టెలా అవుతుంది.

ఇక హీరో గొడవ. బుర్రకథ చూశావు కదా! నడుమ కథకుడు, అటొకరూ ఇటొకరూ వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. వాళ్లు తందాన తాన అందుకోకపోతే ఎంతటి కథకుడైనా పది నిమిషాల్లో అలిసిపోతాడు. మీ తొమ్మిది మందీ కథకులే అవుతామంటున్నారు, వంత పట్టేవాళ్లు లేరు. దీనికి ఒక ఆట ఉంది. అందరూ గదిలో నడవండి. ఎవరో ఒకరు ఆగగానే అందరూ ఆగాలి, ఒకరు కదిలితే అందరూ కదలాలి. సైగలుండవు, మాటలుండవు. మాకు ఇది కుదరడానికి రెండు వారాలు పట్టింది. కుదిరాక చూస్తే ఎవరి భుజం ఎటు తిరగబోతోందో పక్కవాడికి ముందే తెలిసిపోతోంది.

పడవ ఎలా చూపించాలన్నది మీకు రాబోయే చిక్కు. చెక్కలు కొనకండి. 1978లో ఢిల్లీ వీధి నాటక బృందం జన నాట్య మంచ్ వాళ్లు పావుగంట కూడా పట్టని ‘మెషీన్’ నాటకంలో నటులే యంత్రమయ్యారు, చేతులూ శబ్దాలే సరంజామా. మీకు తొమ్మిది జతల చేతులున్నాయి, వల లాగే పాట మీ ఊళ్లోనే ఉంటుంది.

రాసేవాళ్లు లేరన్న బెంగ వదిలేయ్. 1973లో రాయ్‌పూర్ వర్క్‌షాపులో దర్శకుడు హబీబ్ తన్వీర్ ఛత్తీస్‌గఢ్ జానపద నాటకం ‘నాచా’ ఆడే కళాకారుల పాత హాస్య ఘట్టాలు మూడు తీసుకుని, వాళ్ల చేత ఆశువుగా ఆడించి, ఒకే నాటకంగా అల్లారు. అయితే అల్లడానికి ఆయన ఒకరున్నారని గుర్తుంచుకో. చివరి పది రోజులు మీలో ఒకరు వేషం వదిలేసి ముందు కూచోవాలి. ఏది ఉండాలో ఏది పోవాలో వాళ్లే చెప్పాలి. ఓట్లు పెడితే అన్నీ ఉండిపోతాయి, చూసేవాళ్లు లేచిపోతారు.

ఇంకోటి. భర్త ఫోను కోసం ఎదురుచూసే ఆవిడ మాటలు వాడుకునే ముందు ఆవిడని అడగండి. రిహార్సల్‌కి పిలిచి చూపించండి. వద్దంటే తీసేయండి, ఎంత బాగా వచ్చినా సరే.

ప్రశ్న: అందరం కలిసి చేసిన నాటకానికి కరపత్రం మీద ‘రచన’ అని ఎవరి పేరు వేయాలి?
– మరో పాఠకుడు

జవాబు: అందరి పేర్లూ, అక్షర క్రమంలో. నోటుబుక్కు రాసినవాళ్ల పేరు పక్కన ‘కూర్పు’ అని వేయండి. ఇది రిహార్సల్ మొదటి రోజే తేల్చుకోండి. పరిషత్తులో నమోదుకి రాతప్రతి అడిగితే మా వాడొకడు తన ఒక్కడి పేరే రాసిచ్చాడు. ఆ సంగతి ప్రదర్శన రోజు మైకులో విన్నాం. క్యారేజీ కుర్రాడు ఆ రాత్రి వేషం వేశాడు, చాలా బాగా వేశాడు. మళ్లీ మా రిహార్సల్‌కి రాలేదు.