నల్లరేగడిలో చీనీ చెట్లకు ఎరువు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీర్వదించి వ్రాయునది.

ఆరేళ్ల చీనీ (బత్తాయి) చెట్లు పసుపు బారుతున్నాయనీ, మరో విడత యూరియా వేయదలచాననీ వ్రాశావు. కాస్త ఆగు. పుట్లూరు దగ్గర నీ పొలం నల్లరేగడి. ఆ నేలలో సున్నం శాతం ఎక్కువైతే జింకు, ఇనుము, భాస్వరం వేరుకు అందకుండా బిగుసుకుపోతాయి. దానికితోడు వాన నీరు పాదులో రెండు మూడు రోజులు నిలిస్తే గాలి ఆడక పీచువేర్లు కుళ్లి, ఎంత ఎరువు పోసినా చెట్టు తీసుకోలేదు. కనుక ముందు సాళ్ల మధ్య మురుగు కాలువలు తీయించు. నీరు మొదలును తాకకుండా పాదు సరిచేయించు, లేకుంటే మొదలు నుంచి జిగురు కారే బంక తెగులు పట్టుకుంటుంది.

తరువాత ఆకులను చూడు. ముదురాకులు అంతటా సమంగా పాలిపోతే అది నత్రజని లోపం. లేత ఆకులు చిన్నవై, ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం మాత్రమే పసుపు బారితే జింకు లోపం. సన్నని ఈనెలు వల మాదిరి పచ్చగా మిగిలి, మిగతా ఆకంతా తెల్లబారితే ఇనుము లోపం. ఈ రెండింటికీ యూరియా మందు కాదు. ఒక ఏడు నేనూ తొందరపడి అదనంగా వేస్తే, లేత చిగురు విపరీతంగా వచ్చి ఆకు తొలుచు పురుగు తోటంతా పాకింది.

ఐదేళ్లు దాటిన చెట్టుకు ఏడాదికి 1500 గ్రాముల నత్రజని, 350 గ్రాముల భాస్వరం, 400 గ్రాముల పొటాష్ కావాలి. నత్రజనిలో నాలుగో వంతు పశువుల ఎరువుగా, నాలుగో వంతు వేప లేదా ఆముదపు పిండిగా ఇచ్చి, తక్కిన సగానికే యూరియా వాడితే అది సుమారు 1.6 కిలోలు అవుతుంది. దానికి భాస్వరం కోసం 2.2 కిలోల సూపర్ ఫాస్ఫేట్, పొటాష్ కోసం 670 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ చేర్చి, మొత్తాన్ని రెండు భాగాలు చేసి, పూత కోసం నీరు ఆపి ఉంచిన బెట్ట విడిచి మళ్లీ తడి ఇచ్చేటప్పుడు ఒకటి, జూన్, జూలై నెలల్లో మరొకటి వెయ్యి. మొదలు దగ్గర కాక, కొమ్మల నీడ అంచు కింద పైపైన తవ్వి మట్టిలో కలిపించు. పైన చల్లి వదిలేస్తే సున్నపు నేలలో యూరియా గాలిలో కలిసిపోతుంది. పశువుల ఎరువును మాత్రం తగ్గించకు, రేగడి గుల్లబారేది దానితోనే.

జింకు, ఇనుము ఆకుల మీదుగా ఇవ్వడమే మేలు. లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేటు, ఇనుము, మెగ్నీషియం, మాంగనీసు సల్ఫేట్లు రెండేసి గ్రాములు, 1 గ్రాము బోరాక్స్, 6 గ్రాముల సున్నం, 10 గ్రాముల యూరియా కలిపి, వడగట్టి, లేత చిగురు వచ్చినప్పుడు పిచికారీ చేయించు. సున్నం మరచిపోతే ఆకు మాడుతుంది.

భూసార పరీక్ష చీటీ చేతికి రాగానే అందులోని సున్నం శాతం నాకు ఫోనులో చదివి వినిపించు. అంతవరకు ఆ యూరియా బస్తాలు కొట్టంలోనే ఉండనీ.

ఇట్లు,
మీ మామ