రగ్బీలో తలకు దెబ్బ తగిలితే 12 నిమిషాలు బయటకు ఎందుకు పంపుతారు?

కంకషన్ అంటే దెబ్బ అదురుకు పుర్రె లోపల మెదడు కుదుపుకు లోనవడం. నెత్తురు కనిపించదు, స్కానింగ్‌లో కూడా చాలాసార్లు ఏమీ తేలదు. అందుకే ఆటగాడు "నాకేం కాలేదు" అన్నా నమ్మకూడదు.

ఆ 12 నిమిషాల్లో డాక్టర్ అడిగేవి వింటే చాలా మామూలుగా ఉంటాయి: ఇది ఏ గ్రౌండ్? ఇప్పుడు ఏ హాఫ్? చివర స్కోర్ చేసిందెవరు? కొన్ని మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ చెప్పమంటారు. ఒక కాలి మడమకు మరో కాలి వేళ్లు ఆనిస్తూ గీత మీద నడిపిస్తారు. స్పృహ తప్పినా, కాళ్లు తడబడినా ఈ పరీక్షలేవీ ఉండవు, ఆ రోజుకి ఆట బందే. పాసైనా మ్యాచ్ అయ్యాక ఒకసారి, 36 నుంచి 48 గంటల్లో మరోసారి చూస్తారు, ఎందుకంటే లక్షణాలు ఆలస్యంగా బయటపడొచ్చు.

స్టీవ్ థాంప్సన్ 2003 ప్రపంచకప్ గెలిచిన ఇంగ్లండ్ జట్టులో హుకర్ (ముందు వరుస మధ్యలో ఆడే ఆటగాడు). 42 ఏళ్లకే డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బు) అని తేలింది. సిడ్నీలో ఆడిన ఆ ఫైనల్ తనకు గుర్తే లేదన్నాడు. నా దృష్టిలో 12 నిమిషాలు కూడా తక్కువే. అనుమానం ఉంటే తిరిగి పంపకూడదు.